వేలానికి పేరిచ్చిన అమ్మాయికి

చిట్టితల్లీ,

క్రికెట్ మహిళల ప్రీమియర్ లీగ్ వేలానికి పేరిచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషంతో కళ్ళు తడిశాయి. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

కనీస ధర 10 లక్షలు పెట్టావట, మంచిదే. ఎవరూ పాడకపోతే భోంచేసి పడుకో.

పాడితే మాత్రం, వచ్చిన ధరే నీ ఆట విలువ అనుకోకు. గత వేలంలో ఒక్కో జట్టు మొత్తం ఖర్చుకు 15 కోట్లే హద్దు. పురుషుల లీగు ఐపీఎల్‌లో రిషభ్ పంత్ ఒక్కడికే 27 కోట్లు పలికాయి. 2022లో భారత క్రికెట్ బోర్డు అంతర్జాతీయ మ్యాచ్ ఫీజు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానం చేసింది. లీగులో ఆ న్యాయం ఇంకా రాలేదు. ఆదాయం తక్కువంటారు, ఒప్పుకుంటాను. కానీ మనలో మనకు తేడా ఎందుకు? ఆ వేలానికి ముందు జట్లు అట్టిపెట్టుకున్నవారిలో మొదటి స్థానానికి 3.5 కోట్లు, భారత జట్టుకు ఆడని పిల్లకు 50 లక్షలు. మన కడప స్పిన్నర్ శ్రీచరణి వేలంలో 55 లక్షల నుంచి 1.3 కోట్లకు చేరే లోపల ప్రపంచకప్పే గెలిచింది!

నా ఇరవై రెండో ఏట ఒక సంస్థ జట్టు పెద్దాయన "మాకు ఆడమ్మా, ఉద్యోగం నీదే" అన్నాడు. కాగితం అడగమన్నారు మీ తాతయ్య. పెద్దవాళ్ళను అలా అడుగుతారా అని ఆయన్నే కసురుకున్నాను. రెండేళ్ళు చేతి ఖర్చులకే ఆడాను. మూడో ఏడు బౌండరీ దగ్గర బంతి ఆపబోతే మోకాలు మెలిపడింది. చెబితే తీసేస్తారని గుడ్డ చుట్టుకుని ఇంకో నాలుగు మ్యాచ్‌లు ఆడాను. నడవలేని స్థితిలో వెళ్ళి ఉద్యోగం సంగతి అడిగితే, "ఎవరు మాటిచ్చారు?" అన్నారు. చూపించడానికి చీటీ ముక్క కూడా లేదు. ఆపరేషన్‌కు అమ్మమ్మ గాజులు అమ్మింది. మీ అమ్మ పెళ్ళికని దాచినవి. మీ అమ్మ ఈనాటికీ ఆ మాట ఎత్తలేదు.

అందుకే అడుగుతున్నాను. సీజన్‌కు ముందే దెబ్బ తగిలితే డబ్బు ఇస్తారా? వైద్యం ఎవరిది? సిగ్గుపడకుండా అడుగు, రాతలో చూడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నావు. నేను చూడలేదనుకున్నావా? నొప్పి దాచావంటే ఊరుకోను. కాంట్రాక్టు చేతికి రాగానే నా దగ్గరకు తీసుకురా తల్లీ, సంతకం పెట్టకముందే. నీకిష్టమైన బొబ్బట్లు చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ