పడవ తిరగబడితే ఏం చేయాలో నా మేనకోడలికి

అమ్మలూ,

రుషికొండలో కయాక్, అదే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, నేర్చుకుంటున్నావని మీ తమ్ముడు చెప్పాడు. విన్న దగ్గర్నుంచి ఒకపక్క గర్వం, ఇంకోపక్క నిద్ర లేదు. పడవ తిరగబడ్డప్పుడు ఏం చేయాలో నేర్పిస్తుంటే ఏడ్చేశావట. ఏడిస్తే ఏమైంది? మర్నాడు మళ్ళీ వెళ్ళావు కదా, నాకది చాలు.

లైఫ్ జాకెట్ బిగించుకో, ఒంటరిగా వెళ్ళకు, తుఫాను హెచ్చరిక ఉన్నరోజు ఒడ్డు దాటకు. ఇవి నీకు వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఇంకోటుంది. మీ అమ్మ పెదజాలరిపేటలో చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పెదనాన్న తెప్ప ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. జాలరి ఇంటి పిల్లకి నీళ్ళంటే భయమేంటని, చెప్పా పెట్టకుండా ఎత్తి సముద్రంలో వేసేశాడు. పైకి రాబోతే తెప్ప దుంగలు నెత్తికి తగిలాయి. మళ్ళీ కిందికెళ్ళింది. ఆయన వెంటనే జుట్టు పట్టి లాగేశాడు, నవ్వాడు కూడా. చెడ్డవాడు కాదమ్మా, చిన్నప్పుడు ఆయన్నీ అలాగే వేశారట. అదే ధైర్యం నేర్పే పద్ధతనుకున్నాడు. కానీ మీ అమ్మ ఈరోజుకీ చెంబుతో తలమీద నీళ్ళు పోసుకునేటప్పుడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నీకు స్నానం చేయించినప్పుడూ నీ మొహం మీద చుక్క పడనిచ్చేది కాదు. నీళ్ళు మొహాన పడితే ప్రమాదమని నీకు మాటలు రాకముందే తెలిసింది. అందుకే చెబుతున్నా, నీలో పిరికితనం ఏమీ లేదు.

కాబట్టి ట్రైనర్‌కి ముందే గట్టిగా చెప్పు. నువ్వు చెయ్యి చూపించేదాకా నీ పడవ ఎవరూ తిరగెయ్యకూడదు. సరదాకి తోసేవాడు ఎవడైనా ఉంటే ఆ రోజుకి పడవ దిగి వచ్చేయ్. మొహమాటపడ్డావంటే నాకు కోపం వస్తుంది.

మొదట సముద్రం వద్దు, పూల్‌లో ఛాతీలోతు నీళ్ళు చాలు. మొహం ముంచి ముక్కుతో ‘ఊఁ’ అంటూ మెల్లగా గాలి వదులు. తలకిందులైనప్పుడు ముక్కులోకి నీరెక్కి మండుతుంది, చాలామంది కంగారుపడేది దానికే. గాలి బయటికి పోతున్నంతసేపూ నీరు లోపలికి రాదు. ముక్కు క్లిప్పు పెట్టుకున్నా తప్పులేదు. ఊపిరి పీల్చాలన్న ఆత్రం మొదలవగానే ప్రాణం పోతోందనుకోకు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు వచ్చే ఆత్రం అది. ఆక్సిజన్ ఇంకా ఉంటుంది. అలాగని మునిగేముందు గబగబా ఊపిర్లు తీయకు. ఆ ఆత్రం ఆలస్యంగా వస్తుంది, ఈలోగా నీళ్ళలోనే స్పృహ తప్పొచ్చు.

పైన కూర్చునే కయాక్ అయితే తిరగబడగానే అదే నిన్ను విసిరేస్తుంది. నడుం దాకా లోపలికి దూరి కూర్చునే రకంతోనే జాగ్రత్త. భయపడ్డవాళ్ళు వెనక్కి వాలతారు. నువ్వు ముందుకి వంగు, పడవ మీదికి ముడుచుకో. పడవ అడుగుని రెండు చేతులతో మూడుసార్లు తట్టు. తట్టేంత తీరిక నీకుందని అప్పుడు ఒంటికి తెలుస్తుంది. తర్వాత స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీళ్ళు రాకుండా నడుం చుట్టూ కట్టి పడవకి బిగించే గుడ్డ) పట్టీ పట్టుకుని ముందుకి లాగు, నువ్వు కూర్చున్న గుంత అంచుల మీద చేతులు ఆన్చి నడుం బయటికి తోసెయ్. ముందు ఒడ్డున కళ్ళు మూసుకుని ఆ పట్టీ ఎక్కడుందో వెతికి వెతికి చేతికి అలవాటు చెయ్యి.

ఆర్కే బీచ్‌లో మాత్రం సాధన చేయకు. అక్కడ ఉన్నట్టుండి లోతు, పైగా లాగుడు. ఎక్కడైనా లోపలికి లాగేస్తుంటే ఒడ్డుకి ఎదురీదకు, ఒడ్డు వెంబడి పక్కకి ఈదు.

ఆదివారం పొద్దున్నే పూల్ దగ్గర ఉంటాను. గట్టు మీద కూర్చుంటాను, నువ్వు పిలిచేదాకా నోరు మెదపను. మీ అమ్మకి నేనే చెబుతాను, నువ్వు ముందే చెప్పి గొడవ పెట్టుకోకు.

మీ మామయ్య