నవ్వితే మూత్రం పడుతోందని నవ్వడమే మానేశారా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. నా వయసు 44. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. ఏడాదిగా గట్టిగా నవ్వినా, తుమ్మినా, పాల క్యాను ఎత్తినా కొద్దిగా మూత్రం పడిపోతోంది. సిగ్గుతో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలుగురు కూర్చుని నవ్వుకునే చోటికి వెళ్లడం మానేశాను. మొన్న గంగమ్మ జాతరకు తిరుపతిలోని మా అక్క ఇంటికి వెళ్లాం. అక్క కొడుకు మొక్కు కోసం చీర కట్టుకుంటుంటే కుచ్చిళ్లు నిలవక ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. నేను లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయాను. ‘అమ్మా, నువ్వు ఇప్పుడు అసలు నవ్వడం లేదెందుకు?’ అని మా అమ్మాయి అడిగింది. నవ్వు నాలుగు విధాల చేటని మా అత్తగారు ఎప్పుడూ అంటారు. ఈ వయసులో నవ్వకపోతే నష్టమా? దీనికి మందు ఉందా?

జవాబు: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మూత్రం పడటం గురించి అడిగినదానికి నా దగ్గర మంచి జవాబే ఉంది. నవ్వకపోతే నష్టమా అని అడిగారే, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇలా లోపలి గదిలోకి వెళ్లిపోయే ఆడవాళ్లను నేను తరచుగా చూస్తుంటాను. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఓర్చుకుని, వేరే జబ్బు కోసం వచ్చినప్పుడు చివర్లో మెల్లగా ఈ మాట చెబుతారు.

ముందు జరుగుతున్నదేమిటో చెబుతాను. మనం గట్టిగా నవ్వినప్పుడు పొట్ట కండరాలు, ఊపిరితిత్తుల కింద ఉండే పెద్ద కండరం వెంటవెంటనే బిగుస్తాయి. ఆ ఒత్తిడి తిన్నగా మూత్రసంచి మీద పడుతుంది. మూత్రసంచినీ గర్భసంచినీ కింది నుంచి ఊయలలా మోసే కటి కండరాలు బలంగా ఉంటే ఆ ఒత్తిడిని తట్టుకుంటాయి. కాన్పుల్లో అవి సాగుతాయి. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడటం, బరువు పెరగడం, మలబద్ధకం, మానని దగ్గు, రోజూ బరువులు ఎత్తడం వాటిని ఇంకా బలహీనపరుస్తాయి. మీరు చెప్పిన మూడు సందర్భాల్లోనూ, అంటే నవ్వు, తుమ్ము, పాల క్యాను, పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి మీది ఈ రకమేనని అనుకుంటున్నాను. ఇందులో మీ తప్పేమీ లేదు. సిగ్గుపడవలసినదీ లేదు.

దీనికి మొదటి చికిత్స మాత్ర కాదు, వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికన్ వైద్యుడు కటి కండరాల వ్యాయామాలను వివరించాడు. ఈనాటికీ అందరికంటే ముందు మేము సూచించేవి అవే. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగబట్టుకుంటారో, మూత్రాన్ని ఎలా ఆపుకుంటారో, అలా లోపలి కండరాలను పైకి లాగి బిగించండి. కొన్ని క్షణాలు ఉంచి పూర్తిగా వదలండి. ఊపిరి బిగబట్టకూడదు. పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు. ఒక్కో విడతకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. పాలు కాగుతుండగా, బస్సు కోసం ఎదురుచూస్తుండగా చేసుకోవచ్చు, పక్కవారికి తెలియను కూడా తెలియదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయవద్దు. దానివల్ల మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

మరో చిన్న ఉపాయం ఉంది. తుమ్ము వస్తోందని తెలియగానే, క్యాను ఎత్తబోయే ముందు, నవ్వు పొంగుతోందని అనిపించగానే ఆ కండరాలను ఒక్కసారి బిగించండి. మొదట్లో మరిచిపోతారు. కొన్ని వారాలకు అదే అలవాటవుతుంది.

నీళ్లు తాగడం తగ్గించకండి. మన ఎండలకు అలా చేస్తే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ తోడవుతాయి. కాఫీ, టీ తగ్గించండి. మలబద్ధకం లేకుండా రాగి సంగటి, ఆకుకూరలు తినండి. పాల క్యాను నిండుగా కాకుండా రెండు విడతలుగా మోయండి.

ఒక్కసారి ఆసుపత్రికి వెళ్లి మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించుకోండి. చిత్తూరు జిల్లా ఆసుపత్రిలోనైనా, తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలోనైనా స్త్రీల వైద్యురాలితో నేరుగా ‘నవ్వితే మూత్రం పడుతోంది’ అని చెప్పండి. అంతకంటే పెద్ద మాటలు అవసరం లేదు. వ్యాయామం సరిగ్గా చేస్తున్నారో లేదో కూడా ఆమె చూసి చెబుతారు. మూడు నెలలు చేసినా గుణం కనిపించకపోతే లోపల పెట్టుకునే రింగులు, చిన్న ఆపరేషన్లు ఉన్నాయి. మూత్రంలో రక్తం పడినా, కింద గడ్డలా జారినట్లు అనిపించినా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత వచ్చినా మూడు నెలలు ఆగకండి, వెంటనే వెళ్లండి.

ఇక నవ్వకపోతే నష్టమా అన్న మీ ప్రశ్న. నష్టమే, అమ్మా. నవ్వుతో బీపీ, షుగర్ పోతాయని ఫోన్లలో తిరిగే మాటలను నేను సమర్థించను, బీపీ మాత్ర మాత్రగానే వేసుకోవాలి. కానీ నవ్వు చేసే మేలు చిన్నదేమీ కాదు. 2011లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం కొందరికి హాస్య దృశ్యాలు చూపించి, చేతికి బీపీ పట్టీ బిగించడం వంటి పద్ధతులతో ఎంత నొప్పి ఓర్చుకోగలరో పరీక్షించింది. పొట్ట కదిలేలా నవ్వినవారు నవ్వనివారికంటే ఎక్కువ నొప్పిని ఓర్చుకున్నారు. నలుగురితో కలిసి నవ్వినప్పుడు మెదడులో నొప్పిని తగ్గించే సహజ రసాయనాలు విడుదలవుతాయని 2017లో ఫిన్లాండ్‌ పరిశోధకులు స్కానింగ్‌లో చూశారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ లెక్క చెప్పాడు. ఆ నవ్వుల్లో ఎక్కువ భాగం జోకులకు వచ్చినవి కావట, మామూలు మాటల మధ్య పుట్టినవేనట. మీ అక్క ఇంట్లో కుచ్చిళ్ల దగ్గర పుట్టింది అలాంటి నవ్వే. మీరు గది తలుపు వేసుకున్నప్పుడు నవ్వుతో పాటు ఆ మనుషులు కూడా మీకు దూరమయ్యారు. నాకు అదే బాధ.

మీ అత్తగారి సామెత తప్పని నేను అనను. మయసభలో జారిపడినవాడిని చూసి నవ్విన నవ్వు ఎంత చేటు చేసిందో మనకు తెలుసు. అది ఎదుటివారిని చిన్నబుచ్చే నవ్వు. పిల్లాడి చీర జారితే ఇంటివాళ్లంతా, వాడితో సహా, నవ్వుకోవడానికి ఆ సామెత వర్తించదు.

కండరాలు బలపడేలోపు చిరునవ్వును మాత్రం వదలకండి. దానివల్ల మూత్రసంచి మీద ఒత్తిడి పడదు. కావాలని నవ్వు ముఖం పెట్టినా మనసు కొంచెం తేలికపడుతుందని 19 దేశాల్లో జరిగి 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. ఆ మార్పు చిన్నదే, అయినా ఖర్చు లేనిది. జాతరలకు, పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు ఒక ప్యాడ్ పెట్టుకుని ధైర్యంగా అందరి మధ్యా కూర్చోండి.

ఒక్క విషయం మీరే గమనించి చూసుకోవాలి. మూత్రం భయం లేని వేళల్లో కూడా నవ్వు రావడం లేదా? రెండు వారాలకు పైగా దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి తగ్గడం ఉన్నాయా? ఉంటే అది దిగులు జబ్బు కావచ్చు, దానికి వేరే చికిత్స కావాలి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ వారు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

మీ అమ్మాయికి మాత్రం ఈ రోజే చెప్పండి. అమ్మ తన మీద దేనికో అలిగిందని ఆ పిల్ల అనుకుంటూ ఉండవచ్చు.