గ్రహణానికి నిమిషం చెబుతారు, సౌర తుఫానుకు చెప్పలేరా?

ప్రశ్న: మా చీనీ తోటలో డ్రోన్‌తో మందు కొట్టిస్తాం. అది జీపీఎస్ ఆధారంగా తిరుగుతుంది. సౌర తుఫాను వార్త వచ్చినప్పుడల్లా ఒకరు శుక్రవారం రాత్రి అంటారు, మరొకరు శనివారం మధ్యాహ్నం అంటారు. గ్రహణాన్ని నిమిషంతో సహా చెప్పేవారికి ఇదెందుకు చేతకాదు?
– ఒక పాఠకురాలు, గార్లదిన్నె, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, కర్నూలులో భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూసేవాణ్ని. చంద్రుడి దారిలో అడ్డేమీ లేదు, అందుకే లెక్క తప్పదు. సౌర తుఫానును తెచ్చేది సూర్యుడి నుంచి ఎగసిపడిన ప్లాస్మా మేఘం, అంటే విద్యుదావేశమున్న కణాల మేఘం. ఆ మేఘం, దాని ముందు పరిగెత్తే ఆఘాత తరంగం అలా కాదు.

మొదటి చిక్కు వేగం. సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్న వెలుగును ఫొటో తీసే కరోనాగ్రాఫ్‌లో మేఘం కనిపిస్తుంది. కానీ అది మనవైపే వస్తుంటే, రాత్రి హైవే మీద ఎదురుగా వచ్చే లారీ లైట్లను చూసినట్టే: వస్తోందని తెలుస్తుంది, ఎంత వేగమో అంతుపట్టదు. లెక్క వేసి చూడండి. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. సెకనుకు 1,000 కిలోమీటర్లయితే దాదాపు 42 గంటలు, 800 అయితే 52 గంటలు. అంచనా కాస్త అటూ ఇటూ అయితే పది గంటలు తేడా!

రెండోది దారి. దారిలో ఎదురయ్యే సౌరగాలి (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహం) వేగంగా వచ్చే మేఘాన్ని నెమ్మదింపజేస్తుంది, నెమ్మదిగా వచ్చేదాన్ని ముందుకు లాగుతుంది. ముందు వెళ్లిన మేఘాలు దారి ఊడ్చేస్తే వెనకది ఇంకా త్వరగా వస్తుంది. 1972 ఆగస్టులో ఒకటి 15 గంటల్లోపే వచ్చేసింది. 2024 మే 10 రాత్రి వచ్చిన మహా తుఫానులో ఒకదాని వెంట ఒకటి ఎగసిన మేఘాలు కలిసిపోయాయి. ఆ రాత్రే లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది.

కచ్చితమైన కబురు భూమికి సూర్యుడివైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 అనే బిందువు దగ్గర ఉన్న ఉపగ్రహాలు ఇస్తాయి. మన ఆదిత్య ఎల్1 కూడా 2024 జనవరి నుంచి అక్కడే ఉంది. తరంగం దాన్ని తాకాక మనకు మిగిలేది అరగంట, మహా అయితే గంట. మేఘంలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందో లేదో సరిగ్గా తెలిసేదీ అక్కడే. దక్షిణానికి తిరిగి ఉంటేనే తుఫాను తీవ్రమవుతుంది.

కాబట్టి చెప్పిన సమయానికి ముందూ వెనకా పన్నెండేసి గంటలు వదిలి పెట్టుకోండి. తీవ్ర హెచ్చరిక ఉంటే ఆ వ్యవధిలో డ్రోన్ ఎగరేయవద్దు. మరో మాట: మన జిల్లాలు అయస్కాంత భూమధ్యరేఖకు (భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీతకు) దగ్గర. అందుకే తుఫాను లేని రోజుల్లోనూ పొద్దుగూకాక జీపీఎస్ సంకేతాలు చెదిరే అవకాశం ఉంది. మందు కొట్టే పని ఉదయం పూట పెట్టుకోండి.