కోస్ట్ గార్డ్‌లో చేరితే నాలుగేళ్ళకే ఇంటికా?

ప్రశ్న: మాది ఉప్పాడ. మా అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. కోస్ట్ గార్డ్‌కు అప్లై చేస్తానంటున్నాడు. అది నేవీలో భాగమేనా? అగ్నివీర్లలా నాలుగేళ్ళకే పంపించేస్తారా?

జవాబు: ముందు మీ టెన్షన్ తీరుస్తాను. అగ్నివీర్లను తీసుకునే అగ్నిపథ్ పథకం ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్‌లకే. కోస్ట్ గార్డ్‌లో నావిక్‌గా (ఆఫీసర్ల కింద పనిచేసే సిబ్బందిగా) చేరితే అది రెగ్యులర్ ఉద్యోగమే. రక్షణ శాఖ కిందే ఉన్నా, నేవీలో భాగం కాదు. దాని చట్టం వేరు, పని వేరు.

ఎందుకు వేరు చేశారో మీ అబ్బాయి తెలుసుకుంటే మంచిది, రేపు చేయాల్సింది ఆ పనే కాబట్టి. 1970ల మొదట్లో పడమటి తీరాన స్మగ్లింగ్ జోరుగా సాగేది. కస్టమ్స్ వాళ్ళ వల్ల కాలేదు. యుద్ధానికి సిద్ధంగా ఉండాల్సిన నేవీని దొంగ సరుకు వెంట తిప్పడమూ కుదరదు. 1974లో ముంబై దగ్గర సముద్రంలో, బాంబే హైలో చమురు పడటంతో కాపలా కాయాల్సినవి ఇంకా పెరిగాయి. ఏం చేయాలో చెప్పమని ఆ ఏడాదే పోలీసు అధికారి కె.ఎఫ్. రుస్తంజీ అధ్యక్షతన కమిటీ వేశారు. 1976 చట్టంతో తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ (సుమారు 370 కి.మీ.) దాకా సముద్ర సంపద మీద మనకు హక్కు వచ్చింది. 1977 ఫిబ్రవరి 1న రెండు ఫ్రిగేట్లు (ఒక రకం యుద్ధనౌకలు), ఐదు గస్తీ బోట్లతో కోస్ట్ గార్డ్ పని మొదలైంది. అన్నీ అరువు ఓడలే! మరుసటి ఏడాది ఆగస్టులో కోస్ట్ గార్డ్ చట్టం వచ్చింది.

అంటే ఇది సగం పోలీసు పని, సగం ప్రాణాలు కాపాడే పని. అనుమానం వచ్చిన బోటు ఎక్కి కాగితాలు, సరుకు చూడాలి. సముద్రంలో చమురు తెట్టు కడితే తొలగించాలి. తుఫాను వస్తోందంటే అందరూ ఒడ్డుకు చేరుతుంటే, వీళ్ళ ఓడ లోపలికి వెళ్ళి వేట బోట్లను వెనక్కి మళ్ళించాలి. ఆపదలో మీవాళ్ళు ఫోన్ చేసే 1554 మోగేదీ వీళ్ళ దగ్గరే. యుద్ధనౌకల మీద మోజుంటే నేవీకే వెళ్ళమనండి.

నావిక్ జనరల్ డ్యూటీకి ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, వయసు 18–22 మధ్య. శిక్షణ ఒడిశాలోని చిల్కాలో. డిగ్రీ చేసి అసిస్టెంట్ కమాండెంట్ (ఆఫీసర్ ఉద్యోగం) పరీక్ష రాసే దారీ ఉంది. నా మటుకు నేను, రెండూ ప్రయత్నించమంటాను. 7 నిమిషాల్లో 1.6 కిలోమీటర్ల పరుగు మీ ఊరి పిల్లలకు లెక్క కాదు. అసలు చిక్కు కళ్ళతోనే. చూపు తక్కువైనా, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోయినా రాత పరీక్షలో వచ్చిన మార్కులు ఆదుకోవు. కోచింగ్‌కు డబ్బు కట్టకముందే ఒకసారి కంటి డాక్టర్‌కు చూపించండి.