జర్నలిస్టు అవుతానంటున్న అమ్మాయి: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చివరి ఏడాది. జర్నలిస్టునవుతా, పతంజలిగారిలా వ్యంగ్య నవలలు రాస్తా అంటోంది. జర్నలిజం పీజీ మంచిదా, ప్రైవేటు కంటెంట్ రైటింగ్ కోర్సా? విలేకరి అంటే సంబంధాలు రావంటున్నారు మావాళ్లు.
– ఓ తండ్రి, విజయనగరం

జవాబు: కోర్సుల గురించి అడిగారు గానీ, మీ బెంగంతా ఆఖరి వాక్యంలోనే ఉందండీ. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పిల్ల చదువు గురించి మాట్లాడుతూ ఇంకా రాని సంబంధాన్ని మధ్యలోకి లాగడం అన్యాయం. ఆ మాట అమ్మాయి ముందు ఎత్తకండి.

ఆమె చెప్పిన రచయిత మీ జిల్లావాడే. కె.ఎన్.వై. పతంజలి 1952లో అలమండలో పుట్టారు. నవలలకు పేరొచ్చినా పత్రికోద్యోగం మానుకోలేదు. ఈనాడు, ఉదయం పత్రికల్లో పనిచేశారు, 2008లో మొదలైన సాక్షికి సంపాదకులయ్యారు. ‘ఖాకీవనం’ పోలీసుల మీద రాశారు, ‘పెంపుడు జంతువులు’ సొంత వృత్తివాళ్ల మీదే రాశారు. ఏ వార్త ఎందుకు ఆగిపోతుందో లోపలుండి చూశారు కాబట్టే అంత ఘాటుగా రాయగలిగారు. ‘గోపాత్రుడు’లో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని ఊళ్లో తగువు రేగుతుంది. మీరూ చదవండి. కూతురు దేనికి ముచ్చటపడుతోందో తెలుస్తుంది. పైగా, జీతం తీసుకుంటూనే నవలలు రాయొచ్చని ఆయన బతుకే చెబుతోంది. తిండికి లోటవుతుందని మీరు హడలిపోనక్కర్లేదు.

కంటెంట్ కోర్సుల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. బోలెడు ఫీజు కట్టించుకుని హెడ్డింగులు, రీల్స్‌కి స్క్రిప్టులు నేర్పుతారు. ఆ రాతలో చాలాభాగం ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. వ్యంగ్యం రాయాలనుకునే పిల్ల పాసుపుస్తకం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే రైతు మాట వినాలి, కోర్టు వరండాలో కూర్చోవాలి. విలేకరికి అదే రోజువారీ పని.

పీజీ ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. పత్రికల సొంత జర్నలిజం స్కూల్లో సీటొస్తే స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పుతారు. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా మాత్రం చేరనివ్వకండి. లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు పెట్రోలుకే చాలదు, పైగా ప్రకటనలు తెమ్మంటారు. ఆఫీసు డెస్కులో వార్తలు దిద్దే సబ్ఎడిటర్‌గా చేరితే మొదట్లో తక్కువైనా నెలనెలా జీతం ఉంటుంది.

అమ్మాయి రాసినవేమైనా మీరు చదివారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఇవాళే అడిగి తీసుకుని చదవండి. రేపటినుంచి రోజూ ఒక ఇంగ్లిష్ వార్తను తెలుగులోకి రాయమనండి. జర్నలిజం స్కూళ్ల ప్రవేశ పరీక్షల్లో అనువాదం తప్పించుకోలేరు.