మోకాలి నొప్పులన్నీ అరుగుదలేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 56 ఏళ్లు. కోనసీమలో మా ఊరి చేలల్లో ఏటా ఊడ్పులకు వెళతారు. రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి. కాలవ రేవు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. గుజ్జు అరిగిపోయిందని అందరూ అంటున్నారు. నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తున్నారు. డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

జవాబు: మీ అమ్మగారి వయసును, మెట్ల దగ్గర పడే ఇబ్బందిని బట్టి కీలు అరుగుదలనే ముందుగా అనుమానించాలి. పొద్దున్న లేవగానే మోకాలు బిగుసుకుపోయి, నాలుగడుగులు వేశాక అరగంటలోపే సర్దుకుంటుంటే ఆ అనుమానం బలపడుతుంది. ఆ బిగుతు గంటకు పైగా ఉండి, చేతివేళ్ల కణుపులు కూడా వాస్తుంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి వైద్యం వేరు, ఆలస్యమైతే కీళ్లు దెబ్బతింటాయి. పిక్కల లోతు బురదలో దిగబడిన కాలును పీకేటప్పుడు మోకాలు మెలిపడి, కీలు లోపలి మెత్త చీలడం కూడా ఉంది. అలా చీలితే కాలు చాపబోగా మధ్యలో పట్టేస్తుంది. ఒక్కోసారి జబ్బు తుంటి కీలులో ఉండి, నొప్పి మాత్రం మోకాలిలో తెలుస్తుంది. అందుకే చూడకుండా 'గుజ్జు' అని తేల్చేయడం నాకు నచ్చదు.

రెండేళ్ల నొప్పి కాబట్టి ఈ నెలలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, జ్వరం కూడా వస్తే మాత్రం కీలులో చీము పట్టి ఉండవచ్చు గనుక అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పడిపోయాక కాలు మోపలేకపోయినా, ఒక పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెట్టినా ఆగకూడదు. మన డెల్టాలో కాలు వాస్తే బోదకాలేమో అనుకుని ఊరుకునేవారున్నారు. ఆ వాపు రక్తం గడ్డకట్టడం వల్ల కూడా రావచ్చు.

నొప్పి బిళ్లలు నెలల తరబడి సొంతంగా వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ ఉన్నవారికి మరీ ప్రమాదం. ఈలోగా కింద గొంతుక్కూర్చునే పనులు తగ్గించి, కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి 5 సెకన్లు నిలిపి దించడం పూటకు 10 సార్లు చేయించండి. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. బరువు ఎక్కువగా ఉంటే కొంత తగ్గినా మోకాలికి తెలిసొస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ వాడిన బిళ్లల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లండి.