ఆల్బమ్ చూపించినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు

టి.నగర్, చెన్నై

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

తెవికీలో, అదే తెలుగు వికీపీడియాలో, మద్రాసు తెలుగు సినిమా రోజుల మీద వ్యాసాలు రాస్తున్నావని, ఫొటోల దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతోందని అమ్మ చెప్పింది. వడపళనిలో ఒక స్టిల్ ఫొటోగ్రాఫర్ గారు ఆల్బమ్ చూపించి "తీసుకోమ్మా, దానికేముంది" అన్నారట. అది ఆయన మంచితనం. వికీపీడియా వ్యాసాలకు ఫొటోలు చేర్చిపెట్టే కామన్స్‌లో అది అనుమతి కింద చెల్లదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఫొటోలు ఎక్కించావంటే నెల తిరిగేలోగా తీసేస్తారు, ఆయన దగ్గర నీ మాట పోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు హక్కు ఎవరిదో తేల్చుకో. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన మనిషి. ఫొటోలో ఉన్న నటుడు కాదు, ప్రింటు దాచుకున్న బంధువు కాదు, దాన్ని స్కాన్ చేసిన నువ్వూ కాదు. అయితే 17వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. పెళ్లి ఫొటోల హక్కు స్టూడియోది కాదు, పెళ్లివారిది. షూటింగ్‌లో నిర్మాత డబ్బిచ్చి తీయించిన వర్కింగ్ స్టిల్స్‌కూ ఇదే లెక్క. నెగెటివ్‌లు ఇన్నేళ్లుగా ఫొటోగ్రాఫర్ గారి బీరువాలోనే ఉన్నా సరే, ఆ హక్కు నిర్మాతది, లేదా నిర్మాత వారసులది.

కాబట్టి ఆల్బమ్ ముందు పెట్టుకుని ఒక్కో ఫొటోకు రెండే ప్రశ్నలు అడుగు: ఎవరు తీయమంటే తీశారు? డబ్బెవరిచ్చారు? సొంత ఫిల్ము వేసుకుని, తన ఇష్టం కొద్దీ తీసుకున్నవి ఒక వరస. కంపెనీ కోసం తీసినవి ఇంకో వరస. మొదటి వరస మాత్రమే ఆయన ఇవ్వగలరు. ప్రింటు వెనక్కి తిప్పి చూడడం మరిచిపోకు. స్టూడియో రబ్బరు స్టాంపో, తేదీయో, పెన్సిల్ రాతో కనిపిస్తే దాన్ని కూడా స్కాన్ చేసి ఉంచుకో, హక్కు మీద ప్రశ్న వచ్చినప్పుడు అదే నీకు సాక్ష్యం. వెనక నువ్వు మాత్రం ఏమీ రాయకు, పెన్ను ఒత్తితే అచ్చు ముందువైపు తేలుతుంది. నంబర్లు నోటుబుక్కులో వేసుకో. పోస్టుకార్డు సైజు ప్రింట్లను 600 డీపీఐలో స్కాన్ చెయ్యి.

ఫొటో తీసినాయన పోయి ఉంటే హక్కు వారసులకు వస్తుంది. 2012 సవరణ తర్వాత ఫొటోకు కూడా కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంది. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ ఒప్పుకోవాలి, లేదా మిగతా ఇద్దరూ ఒకరికి రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. పెద్దబ్బాయి ఒక్కడు సరేనంటే చాలదు. 1958కి ముందు తీసిన ఫొటోల సంగతి వేరు. తీసి 50 ఏళ్లు దాటితే వాటిని భారతదేశంలో పబ్లిక్ డొమైన్‌గానే, అంటే ఎవరి కాపీరైటూ లేనివిగానే, కామన్స్ లెక్కిస్తుంది. కానీ కామన్స్‌లో ఉండాలంటే అమెరికాలో కూడా స్వేచ్ఛగా వాడుకునేలా ఉండాలన్న నియమం ఉంది కనక, పాతదే కదా అని ధీమాగా ఎక్కించెయ్యకు. తీసిన సంవత్సరానికి ఆధారం చూపించు, అనుమానం ఉంటే ముందే అక్కడి కాపీరైట్ చర్చా పేజీలో అడుగు.

ఇక ఏమని అడగాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "వికీపీడియాలో వాడుకోవచ్చా అండీ" అని అడుగుతారు, ఆయన "వాడుకో" అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. కామన్స్‌లో పెట్టిన ఫొటోను లోకంలో ఎవరైనా తీసుకుని, మార్చుకుని, అచ్చువేసి అమ్ముకునే వీలుండాలి. "వికీకి మాత్రమే", "చదువు అవసరాలకు మాత్రమే", "వ్యాపారానికి కాకుండా" అని షరతు పెడితే కామన్స్ తీసుకోదు. క్రియేటివ్ కామన్స్‌లోనే వాణిజ్యం వద్దనేవీ, మార్పులు వద్దనేవీ లైసెన్సులు ఉన్నాయి, అవీ చెల్లవు. ఆయనతో చెప్పాల్సింది క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0, మనవాళ్లు సీసీ బై-ఎస్ఏ 4.0 అంటారే, అది.

దాని అర్థం ఆయనకు తేట తెలుగులో చెప్పు, ఏదీ దాచకు. రేపు ఎవరో ఆ ఫొటోతో క్యాలెండర్ వేసి అమ్మినా, కింద ఆయన పేరు, లైసెన్సు పేరు వేస్తే ఆయన ఆపలేరు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. డబ్బు రాదు. ఆయనకు మిగిలేది కూడా చెప్పు: కాపీరైట్ ఆయనదే, ఆయన ఆ ఫొటో ఇంకొకరికి అమ్ముకోవచ్చు, వాడుకున్న ప్రతివారూ ఆయన పేరు వెయ్యాల్సిందే. పేరు ఎలా పడాలో ఆయన్నే అడిగి, ఇంటిపేరుతో సహా అక్షరం తప్పు లేకుండా రాసుకో. ఇవన్నీ విని ఆయన వద్దంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. సగం చెప్పి సంతకం పెట్టించుకోవడం పెద్దమనిషిని మోసం చేయడమే, అది మనకొద్దు.

సరేనన్నాక పని ఇలా సాగాలి. ముందు ఫొటోను కామన్స్‌కు ఎక్కించు. కర్త అన్నచోట ఆయన పేరు రాయి. "నా సొంత కృతి" అన్న గడిలో టిక్కు పెట్టకు, ఒక్కసారి అది పెడితే నీ మిగతా ఫొటోలన్నిటినీ అనుమానంగా చూస్తారు. ఆ ఫొటో దస్త్రం (ఫైలు) పేజీలో పర్మిషన్ పెండింగ్ మూస (టెంప్లేట్) పెట్టు. దాంతో అనుమతి తేలడానికి 30 రోజుల గడువు మొదలవుతుంది. అదే రోజు ఆయన మెయిలు నుంచి పర్మిషన్స్-కామన్స్ అట్ వికీమీడియా డాట్ ఆర్గ్ అన్న చిరునామాకు లేఖ వెళ్లాలి. అక్కడ చూసేది వాలంటీర్ల బృందం, వీఆర్‌టీ అంటారు. లేఖలో ఉండాల్సిన విషయం ఇది:

"ఈ కింది లంకెలో ఉన్న ఫొటోను తీసింది నేనే. దాని కాపీరైట్ హక్కుదారును నేనే. దీన్ని క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 ఇంటర్నేషనల్ లైసెన్సు కింద విడుదల చేస్తున్నాను. ఎవరైనా దీన్ని వ్యాపారానికి కూడా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని, ఈ అనుమతిని నేను వెనక్కి తీసుకోలేనని నాకు తెలుసు."

కింద పేరు, తేదీ, ప్రతి దస్త్రం లంకె. "నా ఫొటోలన్నీ" అని రాస్తే కుదరదు. కామన్స్‌లో దీనికి ఇంగ్లీషు నమూనా సిద్ధంగా ఉంది, పంపాల్సింది అదే. పై తెలుగు ఆయనకు అర్థం చెప్పడానికి.

ఆయన ఫోన్లోనే, నువ్వు పక్కన కూర్చుని ఉండగా పంపించు. ఆయన నీకు పంపితే నువ్వు ఫార్వర్డ్ చేయడం, వాట్సాప్ స్క్రీన్‌షాట్ జతచేయడం, ఇవి సాధారణంగా నిలబడవు, ఆ మాట నిజంగా ఆయనదేనని అవతలివాళ్లకు తెలిసే దారి లేదు. ఆయనకు వెబ్‌సైటు ఉంటే అందులో కనిపించే మెయిలు నుంచే వెళ్లాలి. సంస్థ అయితే సంస్థ పేరుతో ఉన్న మెయిలు నుంచి, రాసినవారి హోదాతో. ఏ సంబంధమూ కనిపించని మామూలు మెయిలైతే ఇంకా ఆధారం అడగవచ్చు. అప్పుడు ఆ స్టాంపు స్కాను, సంతకం చేసిన కాగితం పనికొస్తాయి.

టికెట్ నంబరుతో జవాబు వస్తుంది. ఏదైనా అడిగితే ఆ మెయిలుకే రిప్లై ఇప్పించు, కొత్త మెయిలు మొదలుపెడితే రెండూ రెండు టికెట్లై ఆలస్యమవుతుంది. ఈలోగా గడువు దాటి దస్త్రం తీసేసినా కంగారుపడకు, అనుమతి సరిపడితే మళ్లీ పెడతారు. నువ్వు ఇంకోసారి ఎక్కించకు.

ప్రతి ఫొటోకూ ఇంత తిరగక్కర్లేదు. పానగల్ పార్కులో పానగల్ రాజా విగ్రహం కావాలంటే నువ్వే వెళ్లి తీసుకో. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని, కట్టడాన్ని ఫొటో తీయడానికి 52వ సెక్షన్ అడ్డు చెప్పదు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం బయటినుంచి తీయడమూ అంతే. కానీ ఏ భవనంలోనైనా గోడకు తగిలించిన పాత ఫొటోను నీ ఫోనుతో తీస్తే అది నీదైపోదు, ఆ పాత ఫొటో హక్కు అలాగే ఉంటుంది. సినిమా పోస్టర్లయితే కామన్స్‌కు వెళ్లనే కూడదు. తెవికీలోనే, చిన్న సైజులో, సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్) కింద కారణం రాసి పెట్టాలి.

ఈసారి వడపళని వెళ్లేటప్పుడు నమూనా లేఖ రెండు ప్రతులు అచ్చు తీయించుకో. ఒకటి సంతకం పెట్టించి నీ దగ్గర ఉంచుకో. రెండోదాని మీద ఫొటోల జాబితా రాసి ఆయనకే ఇచ్చి రా, తాను ఏ ఫొటోలు ఇచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో వాళ్ల పిల్లలకు తెలియాలి.

ఇట్లు,
మామయ్య